అవ్వ నాలుక, ఎనిమిది రొట్టెలు

రండప్పా, రండి. ఆ చాప ఇట్లా లాగి అరుగు మీద పరచండి. ఒరే, ముందు దులుపు దాన్ని. మన సండూరులో ఏది దులిపినా ఎర్రగానే రాలుతుంది గదా. ఇనపరాయి లారీలు తిరిగినన్నాళ్లూ తులసాకు మీద కూడా ఎరుపే. దులిపినారా? కూర్చోండి. ఈ పొద్దు కబురు మీ అవ్వ గురించి. ఆమె లోపల వింటానే ఉంటుంది, కాబట్టి నేను కొంచెం చూసుకొని మాట్లాడాల.

సంగతి మీకు తెలిసిందే. మొన్న జొన్నరొట్టె తింటా తింటా మీ అవ్వ, "కట్టెల పొయ్యి రొట్టె రుచే వేరు. కండ్లు మూసుకొని చెప్తా, ఏది కట్టెల పొయ్యిదో, ఏది గ్యాసుదో" అనింది. మీ అమ్మ నవ్వి, "అదంతా మనసులో ఉంటుంది అత్తా, నాలుక మీద ఉండదు" అనింది. అంతే, ఇద్దరూ నా వైపు తిరిగినారు. నలభై ఏండ్లు బడిలో లెక్కలు చెప్పినోడిని గదా, తీర్పు చెప్పాలంట.

ఏమని చెప్పేది? మనసులో ఉండేదాన్ని తక్కెడలో వేసి తూయలేం. శేరుతో కొలవలేం. జొన్నలైతే కుప్ప పోసి చూపించొచ్చు. "నాకు తెలుస్తుంది" అనే మాటను ఎక్కడ పోసి చూపిస్తావు? మనసు శాస్త్రం చదివేవాళ్లకు, అదే సైకాలజీ వాళ్లకు, పుట్టినప్పటి నుంచీ ఇదే తలనొప్పి. కనపడనిదాన్ని కనపడే పనిలోకి దించి కొలవాల. అవ్వకు రుచి తెలుసా లేదా అని అవ్వను అడిగితే లాభం లేదు, కోడల్ని అడిగితే అంతకంటే లాభం లేదు. రొట్టెలు పెట్టి చూడాల్సిందే.

మొదటి రోజు చేసింది పరీక్ష కాదురా, నాటకం. మీ అమ్మ నాలుగు రొట్టెలు పెరట్లో కట్టెల పొయ్యి మీద, నాలుగు లోపల గ్యాసు మీద కాల్చింది. అవ్వ కండ్లకు తువ్వాలు కట్టినాం. నువ్వేరా చిన్నోడా, ఒక్కొక్క ముక్క తెచ్చి ఆమె చేతిలో పెట్టింది నువ్వే. అవ్వ నమిలి, కాసేపు ఆగి, "ఇది కట్టెల పొయ్యిది" అనేది. ఎనిమిదికి ఎనిమిదీ సరిగ్గా చెప్పింది! మీరంతా చప్పట్లు కొట్టినారు. నాకు మాత్రం ఎందుకో గంగిరెద్దు గుర్తుకొచ్చింది.

పండగప్పుడు వస్తుంది గదా, కన్నడంలో కోలే బసవ అంటారు మన వీధిలో. బూరవాడు, "అయ్యగారికి మంచి జరుగుతుందా బసవన్నా" అంటే తల ఊపుతుంది. "అమ్మగారు చీర ఇస్తుందా" అంటే మళ్లీ ఊపుతుంది. నా చిన్నప్పుడు ఎద్దుకు అన్నీ తెలుసనే నమ్మినా. పలుపు ఎటు లాగితే తల అటు ఊగుతుందని తర్వాతెప్పుడో అర్థమైంది.

జర్మనీలో ఇట్లాంటిదే ఒక గుర్రం ఉండేది. పేరు హాన్స్. వాన్ ఆస్టెన్ అనే బడిపంతులు దానికి లెక్కలు నేర్పినాడు. ఐదూ మూడూ ఎంత అంటే కాలి డెక్కతో ఎనిమిది సార్లు నేల తట్టేది. 1904లో బెర్లిన్‌లో పెద్దపెద్ద వాళ్లు కమిటీ వేసి చూసినా మోసం కనపడలేదు. మోసం లేదు కాబట్టే కనపడలేదు! తర్వాత ఆస్కార్ ఫుంగ్‌స్ట్ అనే ఆయన ఓపిగ్గా కూర్చొని ఒక చిన్న మార్పు చేసినాడు. ప్రశ్న అడిగేవాడికే జవాబు తెలియకుండా చూసినాడు. గుర్రం బోల్తా పడింది. సంగతేమంటే, డెక్క దెబ్బలు జవాబు దగ్గరికి వచ్చేసరికి అడిగినవాడి తల కొంచెం కదిలేది, ఒంటి బిగువు సడలేది. ఆ మనిషికే తెలియని ఆ కదలికను గుర్రం పట్టుకునేది. లెక్కలు రాకపోతేనేం, మనుషుల్ని చదవడం వచ్చు దానికి. నన్నడిగితే అదే గొప్ప చదువు.

ఇప్పుడు చెప్పురా చిన్నోడా, గ్యాసు రొట్టె ఇచ్చేటప్పుడు నువ్వెందుకు ముసిముసిగా నవ్వినావు? అవ్వ కండ్లకు గంతలు కట్టినాం గానీ చెవులకు కట్టలేదు గదా. పైగా పెరట్లో నుంచి వచ్చిన రొట్టె చల్లారింది, లోపలిది పొగలు కక్కుతా ఉంది. అవ్వ నాలుకతో చెప్పిందో, వేళ్లతో చెప్పిందో, నీ నవ్వుతో చెప్పిందో ఎవరికి తెలుసు? మూడు దారాలు ముడిపడి ఉంటే ఏది లాగితే తెగిందో చెప్పలేం.

అందుకే రెండో రోజు పకడ్బందీగా చేసినాం. పిండి ఒకటే, తట్టిన చెయ్యి ఒకటే. ఎనిమిది రొట్టెలూ ఒకే గుడ్డ చుట్టి ఒకే బుట్టలో పెట్టి, అన్నీ ఒకే రకంగా చల్లారేదాకా ఆగినాం. మాడిన మచ్చల అంచులు తీసేసి నడిమి ముక్కలే ఉంచినాం. ఏ ముక్క ముందు పోవాలో చీటీలు వేసినాం. చీటీలు తీసి గుర్తులు రాసుకున్న మీ అమ్మ వీధిలోకి వెళ్లి నిలబడింది. ముక్కలు అందించిన పాపకు ఏది ఏదో తెలియదు. నాకూ తెలియదు. అవ్వకు చెప్పింది ఒకటే మాట: ఎనిమిదిలో నాలుగు కట్టెల పొయ్యివి, ఆ నాలుగూ ఎంచి పక్కన పెట్టు.

అవ్వ ఎంచింది. ఎన్ని సరిగ్గా ఎంచిందో ఇప్పుడే చెప్పను. అరవొద్దు! ముందు ఈ చింతగింజలు పట్టుకోండి.

ఎనిమిది గింజలు. కండ్లు మూసుకొని నాలుగు తీస్తే, ఎన్ని రకాలుగా తీయొచ్చు? మొదటి గింజకు ఎనిమిది దోవలు, రెండోదానికి ఏడు, తర్వాత ఆరు, తర్వాత ఐదు. గుణిస్తే 1680. అయితే అవే నాలుగు గింజలు ముందూ వెనకా తీసినా గుంపు అదే గదా. అట్లా ఒక్కో గుంపూ 24 సార్లు లెక్కకొచ్చింది. 1680ని 24తో భాగిస్తే 70. అంటే రుచీ పచీ తెలియని మనిషి, నాలాంటోడు, గుడ్డిగా నాలుగు ముక్కలు ఎంచితే నాలుగూ సరిపోవడం డెబ్భైలో ఒక్కసారి. మూడు సరిపోయి ఒకటి తప్పడం? సరైన నాలుగులో మూడు ఎంచడానికి నాలుగు దోవలు, తప్పు నాలుగులో ఒకటి ఎంచడానికి నాలుగు దోవలు. మొత్తం పదహారు. సగం సరి, సగం తప్పు అయ్యేవి ముప్పై ఆరు. గింజలతో ఆడి చూడండి, తప్పుంటే నా చెవి పట్టుకోండి.

ఈ లెక్క నాది కాదులే. ఇంగ్లండులో రోథమ్‌స్టెడ్ అని పైర్ల మీద పరిశోధన చేసే చోటు ఉంది. 1920ల్లో అక్కడ రొనాల్డ్ ఫిషర్ అనే లెక్కలాయన ఉండేవాడు. ఒక సాయంత్రం మ్యూరియల్ బ్రిస్టల్ అనే శాస్త్రవేత్తకు టీ ఇస్తే ఆమె వద్దనింది. కప్పులో పాలు ముందు పోసి టీ తర్వాత పోస్తేనే బాగుంటుందంట, ఇది అటూఇటూ అయిందంట. అచ్చం మన ఇంటి గొడవే! ఎనిమిది కప్పులు, నాలుగు ఇట్లా, నాలుగు అట్లా. దాన్నే ఆయన 1935లో ప్రయోగాలు ఎట్లా చేయాలో చెప్పే పుస్తకంలో పాఠంగా పెట్టినాడు. ఆ పుస్తకంలో ఆమె పేరూ లేదు, చివరికి ఆమె గెలిచిందో ఓడిందో కూడా లేదు. చదివినప్పుడు నాకు ఒళ్లు మండింది. ఇప్పుడు మీకు మండుతున్నట్టే.

ఆ ఫిషర్ దగ్గర చదువుకున్న మన మనిషి ఒకాయన ఉన్నాడు తెలుసా? మన అంటే మరీ మన. హొసపేట దాటి పడమరగా పోతే హూవిన హడగలి వస్తుంది, మల్లెపూలకు పేరు. విరూపాక్షస్వామికి పూలు అక్కడి నుంచి పడవల్లో హంపికి పోయేవనీ, అందుకే ఆ పేరనీ అంటారు. 1920 సెప్టెంబరు 10న ఆ ఊళ్లో ఒక తెలుగు పోలీసు ఇన్‌స్పెక్టరు ఇంట్లో ఎనిమిదో బిడ్డ పుట్టినాడు. ఎనిమిదోవాడు కాబట్టి కృష్ణుడి పేరు కలిసేట్టు రాధాకృష్ణ అన్నారు. కల్యంపూడి రాధాకృష్ణారావు. లోకమంతా సి.ఆర్.రావు అంటుంది. అప్పుడు హడగలి మన బళ్లారి జిల్లా, మద్రాసు రాజధాని. ఇప్పుడది 2021లో కొత్తగా ఏర్పడిన విజయనగర జిల్లాలో ఉంది. జిల్లాలు మారుతుంటాయి, పుట్టిన ఊరు మారదు గదా.

నాయన బదిలీల వెంట గూడూరు, నూజివీడు, నందిగామ తిరిగి, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదివినాడు. తర్వాత ఉద్యోగం కోసం కలకత్తా పోతే అది రాలేదు. అక్కడ దిగిన చోట పరిచయమైన ఒకాయన ద్వారా మహలనోబిస్ నడిపే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ సంగతి తెలిసి, 1941లో అందులో చేరినాడు. చూడండి, ఆ ఉద్యోగం వచ్చుంటే ఏమయ్యేదో! ఇరవై నాలుగు, ఇరవై ఐదేండ్ల వయసులో పాఠం చెప్తుంటే, దండేకర్ అనే విద్యార్థి ఒక ప్రశ్న అడిగినాడు. లెక్కలేనన్ని కొలతలున్నప్పుడు ఫిషర్ చెప్పిన నియమం కొన్ని కొలతలే ఉన్నప్పుడు నిలుస్తుందా అని. రావు ఆ రాత్రి కూర్చొని దాన్ని సాధించి మరుసటి రోజు చెప్పినాడంట. అది 1945లో అచ్చయింది. ఉన్న కొలతలతో ఒక అంచనా ఎంత బాగా వేసినా, దాని ఊగిసలాట ఇంతకంటే తగ్గదు అని హద్దు గీసే లెక్క అది. క్రామర్-రావు హద్దు అంటారు. బావిలో చేద ఎంత నేర్పుగా వేసినా తాడు పొడవును మించి దిగదు గదా, అట్లాంటిది. 1946లో కేంబ్రిడ్జి పోయి, సూడాన్‌లో తవ్వి తీసిన పాత అస్థిపంజరాల కొలతలు చూస్తా, ఫిషర్ దగ్గరే డాక్టరేటు చేసినాడు. ఆ కొలతల మధ్యలో ఫిషర్ గారి ఎలుకల్ని కూడా చూసుకున్నాడు పాపం. 2023లో, నూటరెండేండ్ల వయసులో పోయినాడు. ఆ ఏడాదే అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి వచ్చింది.

ఆయన స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్ అనే పుస్తకంలో ఒక కథ చెప్పినాడు, అది మీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. 1947. ఢిల్లీలో అల్లర్లు. ప్రాణభయంతో జనం ఎర్రకోటలో తలదాచుకున్నారు. వాళ్లకు అన్నం పెట్టే పని కాంట్రాక్టర్ల చేతిలో. ఎంతమంది ఉన్నారో ప్రభుత్వానికి తెలియదు, లోపలికి పోయి తలలు లెక్కపెట్టే పరిస్థితి లేదు, బిల్లులేమో కొండలా పెరుగుతున్నాయి. లెక్కలవాళ్లను పిలిచినారు. సేన్‌గుప్తా అనే ఆయన తెలివి చూడండి. మనిషికి రోజుకు బియ్యం ఇంత, పప్పు ఇంత, ఉప్పు ఇంత పడుతుందని సర్వేల్లో తెలుసు. కాంట్రాక్టరు తెచ్చానని చెప్పిన బియ్యాన్ని బట్టి లెక్కిస్తే బోలెడంత జనం వచ్చినారు. పప్పును బట్టి అంతకంటే తక్కువ. ఉప్పును బట్టి చూస్తే అన్నిటికంటే తక్కువ. ఉప్పు లెక్కనే నమ్మినారు. ఎందుకు? చెప్పు పాపా. అదీ! ఉప్పు చవక. దొంగలెక్క రాసినా మిగిలేది ఏమీ లేదు. అబద్ధం చెప్పాల్సిన అవసరమే లేని చోట నిజం కూర్చొని ఉంటుంది.

మనసు శాస్త్రానికీ ఈ ఉప్పు కావాల. "రోజూ చదువుతున్నావా?" అని మీలో ఎవర్ని అడిగినా "ఓ!" అంటారు. అది బియ్యం లెక్క. నేను మీ పెన్సిలు ఎంత అరిగిందో చూస్తా. అదే ఉప్పు. నవ్వకు, నీ పెన్సిలు దీపావళి నుంచీ అదే పొడవుంది. అయితే పెన్సిలును కొరికి పొట్టి చేసేవాళ్లూ ఉంటారు, కాబట్టి ఉప్పును కూడా రుచి చూసే నమ్మాల.

"నా లెక్క ఎప్పుడు చెప్తావు?" అంటుంది లోపల నుంచి మీ అవ్వ. వస్తున్నా వస్తున్నా.

అంతలో చీటీల మాట ఒకటి. చీటీలు ఎందుకేసినాం, మన ఇష్టప్రకారం ఇవ్వొచ్చు గదా అని అడిగినావు నువ్వు. చేలో సంగతి చెప్తా విను. కొత్త ఎరువు మంచిదా పాతది మంచిదా చూడాలని మీ ముత్తాత కొత్త ఎరువంతా కాలువ పక్క మడికి చల్లినాడు. పంట విరగపండింది. ఎరువు గొప్పదా, కాలువ గొప్పదా? ఆయన చనిపోయేదాకా ఎరువే అని వాదించినాడు. ఫిషర్ రోథమ్‌స్టెడ్‌లో చెప్పింది ఇదే: ఏ మడికి ఏ ఎరువో నీ మనసును ఎంచనీయకు, చీటీ వేయి. మడుల బదులు మనుషుల్ని పెట్టండి, సైకాలజీ ప్రయోగం తయారు. పొద్దున చదివితే గుర్తుంటుందా, రాత్రి చదివితేనా అని చూడాలంటే, లేచేవాళ్లను పొద్దున గుంపులో, లేవనోళ్లను రాత్రి గుంపులో వేయకూడదు. అప్పుడు మనం కొలిచేది కాలువ నీళ్లనే గానీ ఎరువును కాదు.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటాం. చాలు, ఎందుకంటే ఎసరూ మంటా అన్ని మెతుకులకూ ఒకటే. మనుషులు అట్లా కాదు. 2010లో కెనడాలో జోసెఫ్ హెన్రిక్, ఇంకా ఇద్దరు కలిసి రాసిన వ్యాసం పెద్ద దుమారం లేపింది. పేరున్న సైకాలజీ పత్రికల్లోని ప్రయోగాల్లో కూర్చోబెట్టిన మనుషుల్లో నూటికి 96 మంది పడమటి, సంపన్న దేశాలవాళ్లంట. ఆ దేశాల్లో ఉండేది ప్రపంచ జనంలో నూటికి 12 మందే. ఎక్కువగా కాలేజీ పిల్లలు. కుండ పైపైన ఉన్న నాలుగు మెతుకులు పట్టి, అడుగున సంగటి ఎట్లుందో చెప్పినట్టు. మన సండూరు తండాల్లో అద్దాలు కుట్టే లంబాణీ ఆడవాళ్ల చూపు, చేతి ఓపిక ఏ ప్రయోగంలో కొలిచినారు? కొలిస్తే పుస్తకాల్లో కొన్ని పేజీలు మళ్లీ రాయాల్సి వస్తుందేమో అనిపిస్తుంది నాకు.

ఇంకొక్కటి చెప్పి అవ్వ దగ్గరికి పోతా. రావు గారు చదివిన ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే 1967లో కోనేరు రామకృష్ణారావు గారు సైకాలజీ, పారాసైకాలజీ శాఖ పెట్టినారు. అమెరికాలో రైన్ అనే ఆయన దగ్గర పనిచేసి వచ్చిన మనిషి. కనపడని కార్డు మీద ఏ బొమ్మ ఉందో మనసుతో చెప్పగలమా అని చూసే పరీక్షలు ఆ విద్యలో ఉంటాయి. 25 కార్డులు, ఐదు రకాల బొమ్మలు. గుడ్డిగా చెప్పినా సగటున ఐదు సరిపోతాయి. కాబట్టి ఐదు సరిపోతే ఆశ్చర్యం లేదు, తొమ్మిది పదీ మళ్లీ మళ్లీ వస్తేనే ఆలోచించాల. ఆయన జీవితమంతా అందులో ఏదో ఉందనే నమ్మినారు, మిగతా శాస్త్రవేత్తలు చాలామంది ఒప్పుకోలేదు. నా మటుకు నేను ఒప్పుకోని వైపే. ఎందుకంటే మన ఇంటి బల్లి నాకొక పాఠం చెప్పింది. బల్లి పలికినాక జరిగిన మంచి మీ అవ్వకు గుర్తుంటుంది. పలికినా ఏమీ జరగని రోజు, పలక్కుండా జరిగిన రోజు, రెండూ లేని రోజు ఎవరికీ గుర్తుండవు. నాలుగు గళ్లు గీసి నాలుగూ నింపాల. మనం ఒక్క గడి నింపి పలక పక్కన పెట్టేస్తాం. వందమంది చేత కార్డులు చెప్పించి, బాగా చెప్పినవాడి సంగతే చాటితే అదీ బల్లి శాస్త్రమే.

సరే, రొట్టెలు. మీ అవ్వ ఎంచిన నాలుగులో మూడు కట్టెల పొయ్యివి, ఒకటి గ్యాసుది.

ఆగండి ఆగండి, గెలిచిందని ఎగరొద్దు. ఓడిందని నువ్వూ నవ్వొద్దమ్మా కోడలా. గింజలు చూడండి. ఏమీ తెలియని మనిషికి మూడు గానీ నాలుగు గానీ సరిపోయే దోవలు పదహారూ ఒకటీ పదిహేడు. డెబ్భైలో పదిహేడు. అంటే రమారమి నాలుగు సార్లకు ఒకసారి గుడ్డి ఎంపిక కూడా ఇంత బాగా వస్తుంది. ఇరవైలో ఒకసారి కంటే అరుదుగా ఉంటేనే అటువైపు మొగ్గుదాం అని ఫిషర్ కాలం నుంచీ ఒక వాడుక ఉంది. అది దేవుడు గీసిన గీత కాదు, మనుషులు వీలుకోసం గీసుకున్న గట్టు. ఆ గట్టు అవ్వ దాటలేదు. అంతమాత్రాన ఆమెకు రుచి తెలియదని తేలిందా? తేలలేదు. తెలుసనీ తేలలేదు. చీకట్లో టార్చి వేస్తే పాము కనపడలేదు, టార్చి చిన్నది. అంతే.

ఇది విని మీ అవ్వ నిన్న రాత్రంతా నాతో మాట్లాడలేదు. పొద్దున కాఫీ గ్లాసు పెట్టి, "ఎనిమిది చాలకపోతే ఎన్ని కావాల?" అనింది. నేను కాగితం తీసినా. పన్నెండు రొట్టెలు, ఆరు ఇట్లా, ఆరు అట్లా. పన్నెండులో ఆరు ఎంచడానికి 924 దోవలు. అన్నీ సరిపోయేది ఒకటి, ఒక్కటి తప్పేవి ముప్పై ఆరు. 924లో 37 అంటే ఇరవై ఐదులో ఒకటి. గట్టు దాటినట్టే. అంటే పన్నెండైతే ఒక తప్పు చేసినా అవ్వ గెలుస్తుంది.

"ఎనిమిదిలో ఒక తప్పు చేస్తే ఓటమి, పన్నెండులో ఒక తప్పు చేస్తే గెలుపా? ఇదేం లెక్క మామా" అని మీ అమ్మ గొడవ. ఆమెకు అసలు బాధ లెక్కది కాదు. పన్నెండు రొట్టెలు తట్టాల్సింది ఆమే.

ఆదివారం పెట్టుకున్నాం. చీటీలు పాప రాయాల. చిన్నోడు ఆ పూట వీధి చివర అంగడి దగ్గర ఉండాల, నవ్వు వినపడనంత దూరంలో. కట్టెలు నేను కొట్టి పెడతా. మిగిలిన రొట్టెలకు చెనిక్కాయల పొడి, ఎర్రకారం మీ అవ్వే నూరుతానంది. అయితే ఒక షరతు పెట్టింది: తినే ముందు రోజు నుంచి ఆమెకు ఎవరూ కాఫీ ఇవ్వకూడదంట, నాలుక శుభ్రంగా ఉండాలంట. నేను ఆ షరతు కాగితం మీద రాసుకున్నా. కాఫీ మానేసిన అవ్వతో ఆ ఒక్క రోజు ఎట్లా వేగాలో మాత్రం ఏ ఫిషరూ రాయలేదు.